క్వెర్టీ పెద్దాయన: క్రిస్టఫర్ షోల్స్ కథ

పోయిన సెమిస్టర్ ఓఎస్ ల్యాబ్ ఇంటర్నల్‌లో జరిగిందిది. మా ల్యాబ్ సిస్టమ్స్ అన్నీ లైనక్స్. నా ప్రోగ్రామ్ చక్కగా రన్ అవుతోంది, ఔట్‌పుట్ టెర్మినల్ మీద వరుసగా పడుతోంది. వచ్చినంతవరకు కాపీ చేసి ఫైల్‌లో పెట్టుకుందామని మౌస్‌తో సెలెక్ట్ చేసి, అలవాటుగా కంట్రోల్ సి కొట్టాను. కాపీ అవ్వలేదు సరికదా, ప్రోగ్రామే ఆగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి రన్ చేసేసరికి టైమ్ అయిపోయింది. రెండు మార్కులు పోయాయి.

హాస్టల్‌కి వచ్చి రూమ్‌మేట్‌కి చెప్తే వాడు నవ్వాడు. వాడి దగ్గర మ్యాక్ ఉంది. అందులో కాపీకి కంట్రోల్ కాదు, పక్కనున్న కమాండ్ కీ నొక్కాలి. అంటే ఒకే రూమ్‌లో, ఒకే పని కోసం, నా ల్యాప్‌టాప్‌లో విండోస్‌కి ఒక పద్ధతి, ల్యాబ్‌లో టెర్మినల్‌కి ఇంకో పద్ధతి, వాడి మ్యాక్‌కి మూడో పద్ధతి. చాలా కోపం వచ్చింది. వీళ్ళంతా ఒక్కసారి కూర్చుని ఒక మాట అనుకోలేరా అనిపించింది.

ఆ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు ఇంకో సంగతి జరిగింది. మా అమ్మ పెళ్ళికి ముందు టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి లోయర్, హయ్యర్ రెండూ పాసైంది. రెండేళ్ళు ఒక లాయర్ గారి దగ్గర టైపిస్ట్‌గా చేసింది. తర్వాత పాతికేళ్ళు మిషన్ ముట్టుకోలేదు. ఒకరోజు నా ల్యాప్‌టాప్ ఊరికే ముందుకి లాక్కుని, టీవీ వైపు చూస్తూనే రెండు లైన్లు కొట్టేసింది. ఒక్క తప్పు లేదు. సీఎస్ఈ చదువుతున్న నేను ఇప్పటికీ కీబోర్డ్ చూసుకుంటూ కొడతాను!

అప్పుడు తట్టింది. మోడిఫయర్ కీల దగ్గర ఎవడి దారి వాడిదే. కానీ అక్షరాల దగ్గర మాత్రం అందరూ ఒక్కటే. అమ్మ నేర్చుకున్న టైపు మిషన్, నా విండోస్, వాడి మ్యాక్, ల్యాబ్‌లో లైనక్స్, చివరికి ఫోన్ స్క్రీన్ కూడా. క్యూ పక్కన డబ్ల్యూ, దాని పక్కన ఈ. ఇన్ని కంపెనీలు, ఇన్ని మెషీన్లు ఒక్క మాట మీద ఎలా నిలబడ్డాయి? ఆ మాట మొదట ఎవరిది?

వెతికితే దొరికిన పేరు క్రిస్టఫర్ లేథమ్ షోల్స్. పేరు వినే ఉంటారు, క్విజ్‌లలో టైప్‌రైటర్ ఎవరు కనిపెట్టారంటే చెప్పే పేరే. కానీ ఆయన జీవితం చదివాక నాకు ఆ రెండు మార్కుల మీద కోపం కొంచెం తగ్గింది. ఎందుకో చివర్లో చెప్తా.

అచ్చు పని నేర్చిన కుర్రాడు

షోల్స్ 1819 ఫిబ్రవరి 14న అమెరికాలోని పెన్సిల్వేనియాలో మూర్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. టీనేజ్‌లోనే ఒక ప్రింటర్ దగ్గర పని నేర్చుకోవడానికి చేరాడు. ఆ రోజుల్లో అచ్చు అంటే ఒక్కొక్క సీసపు అక్షరాన్ని పెట్టెలోంచి చేత్తో ఏరి, వరుసగా పేర్చి, సిరా పూసి, కాగితం మీద నొక్కడం. ఏ అక్షరం ఏ అరలో ఉందో చూడకుండా చెయ్యి వెళ్ళాలి. ఎక్కువగా వాడే అక్షరాలకి పెద్ద అరలు, దగ్గరి అరలు ఉండేవి. అంటే అక్షరాలు ఎక్కడెక్కడ ఉండాలి అనే ప్రశ్న ఆయనకి కుర్రతనంలోనే చేతికి తెలిసిన ప్రశ్న.

1837లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, విస్కాన్సిన్ వెళ్ళాడు. అప్పటికి అది ఇంకా రాష్ట్రం కూడా కాలేదు. అక్కడ పత్రికల్లో పనిచేశాడు, తర్వాత పత్రిక నడిపాడు. పెళ్ళి చేసుకున్నాడు, పదిమంది పిల్లలు. మిషిగన్ సరస్సు ఒడ్డున సౌత్‌పోర్ట్ అనే ఊళ్ళో టెలిగ్రాఫ్ అనే పత్రికకి ఎడిటర్ అయ్యాడు. ఆ ఊరే తర్వాత కెనోషా అయింది.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక విషయం ఉంది. షోల్స్ రాజకీయ నాయకుడు కూడా. విస్కాన్సిన్ 1848లో రాష్ట్రమయ్యాక సెనేట్‌లో, ఆ తర్వాత అసెంబ్లీలో కూర్చున్నాడు. బానిసత్వానికి వ్యతిరేకి. 1851లో కెనోషాలో జాన్ మెకాఫ్రీ అనే ఖైదీని జనం మధ్య ఉరితీశారు. వేలమంది చూడ్డానికి వచ్చారు. ఆ మనిషి వెంటనే చనిపోలేదు, చాలా నిమిషాలు కొట్టుకున్నాడు. ఆ ఘోరం తర్వాత షోల్స్ తన పత్రికలో ఉరిశిక్షకి వ్యతిరేకంగా రాశాడు, అసెంబ్లీలో దాని రద్దు కోసం గట్టిగా పోరాడాడు. 1853లో విస్కాన్సిన్ మరణశిక్షని రద్దు చేసింది. ఇప్పటికీ ఆ రాష్ట్రంలో అది లేదు.

ఆయన ఇంకేమీ చెయ్యకపోయినా ఇదొక్కటి చాలు, గుర్తుపెట్టుకోవడానికి. కానీ మనం ఆయన్ని క్యూ డబ్ల్యూ ఈ ఆర్ టీ వై కోసం మాత్రమే గుర్తుపెట్టుకున్నాం, అది కూడా క్విజ్ కోసం.

మిల్వాకీ మెషిన్ షాపు

1860లలో షోల్స్ మిల్వాకీలో ఉన్నాడు. పత్రిక పని చేసి, తర్వాత ఓడరేవులో సుంకాల అధికారి ఉద్యోగంలో చేరాడు. ఖాళీ దొరికితే క్లైన్‌స్టూబర్ అనే ఆయన మెషిన్ షాపుకి వెళ్ళేవాడు. ఊళ్ళో ఏదో ఒకటి కనిపెట్టాలని తిరిగే వాళ్ళందరికీ అదే అడ్డా. మన కాలేజీలో ఇంక్యుబేషన్ సెంటర్ అంటాం కదా, అలాంటిది. కాకపోతే అక్కడ నిజంగా పని జరిగేది (సారీ సార్!).

అక్కడ శామ్యూల్ సూలే అనే ఇంకో ప్రింటర్‌తో కలిసి షోల్స్ ఒక చిన్న మిషన్ చేశాడు. టికెట్ల మీద, లెడ్జర్ పేజీల మీద వరుస నంబర్లు వేసే మిషన్. అదే షాపులో కార్లోస్ గ్లిడెన్ అనే లాయరు పొలం దున్నే యంత్రమేదో తయారు చేసుకుంటూ ఉండేవాడు. ఆయన వచ్చి చూసి, నంబర్లే ఎందుకు, అక్షరాలు కూడా వేస్తే బాగుంటుంది కదా అన్నాడట. 1867లో జాన్ ప్రాట్ అనే ఆయన చేసిన రాత మిషన్ గురించి సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. అది షోల్స్ చేతికి అందింది. చదివాక, అది చాలా చిక్కుగా ఉంది, ఇంతకంటే తేలిగ్గా చెయ్యొచ్చు అనుకున్నాడు.

మొదట చేసింది ప్రూఫ్ ఆఫ్ కాన్సెప్ట్ మాత్రమే. ఒక టెలిగ్రాఫ్ కీ తీసుకుని, అది నొక్కితే ఒక చిన్న పుల్ల పైకి లేచి గాజుపలక మీదున్న కార్బన్ కాగితానికి తగిలేలా పెట్టాడు. ఆ పుల్ల చివర ఒక్కటే అక్షరం, డబ్ల్యూ. నొక్కితే డబ్ల్యూ పడుతుంది, అంతే. మన హలో వరల్డ్ ప్రోగ్రామ్‌కి అది ముత్తాత అనుకోవచ్చు.

ఆ ఏడాదే అన్ని అక్షరాలతో మిషన్ తయారైంది. 1868 జూన్ 23న షోల్స్, గ్లిడెన్, సూలే ముగ్గురి పేరు మీద పేటెంట్ వచ్చింది. అప్పటి కీబోర్డ్ అచ్చం పియానోలా ఉండేది. నలుపు తెలుపు మెట్లు, రెండు వరుసలు, అక్షరాలన్నీ ఏ నుంచి జడ్ దాకా క్రమంగా. అవును, మొదట ఆల్ఫాబెటికల్ ఆర్డరే! ఇప్పటికీ మన కీబోర్డ్ మధ్య వరుసలో దాని జాడ ఉంది చూడండి. డి, ఎఫ్, జి, హెచ్, జె, కె, ఎల్. మధ్యలో ఈ, ఐ రెండూ పైకి వెళ్ళిపోయాయి కానీ మిగతావి క్రమంలోనే ఉన్నాయి. నేను పద్నాలుగేళ్ళుగా కీబోర్డ్ చూస్తున్నా, ఇది చదివేదాకా గమనించలేదు.

డెన్స్‌మోర్ అనే మొండివాడు

డబ్బు కోసం షోల్స్ తన మిషన్ మీదే ఉత్తరాలు కొట్టి తెలిసినవాళ్ళకి పంపాడు. అందులో ఒకటి జేమ్స్ డెన్స్‌మోర్‌కి వెళ్ళింది. ఆయన మిషన్ చూడను కూడా లేదు. అప్పటిదాకా అయిన ఖర్చు, 600 డాలర్లు, ఇచ్చేసి నాలుగో వంతు వాటా కొనేశాడు. నెలల తర్వాత మిల్వాకీ వచ్చి చూసి, ఇది దేనికీ పనికిరాదు, ఆలోచన మాత్రం నిజమని చూపించడానికి పనికొస్తుంది అని తేల్చాడు.

అక్కడ నుంచి మొదలైంది అసలు కష్టం. గ్లిడెన్, సూలే మెల్లగా పక్కకి తప్పుకున్నారు. షోల్స్ మిగిలాడు, వెనక డెన్స్‌మోర్. షోల్స్ మెత్తని మనిషి, ఆరోగ్యం అంతంత మాత్రం. డెన్స్‌మోర్ గట్టిగా మాట్లాడే మనిషి, వదిలిపెట్టే రకం కాదు. ఒక మిషన్ తయారవడం, దాన్ని వాడేవాళ్ళకి పంపడం, అది విరిగిపోయి తిరిగి రావడం, మళ్ళీ ఇంకోటి. ఇలా డజన్ల కొద్దీ మోడల్స్ చేశారు.

ఎక్కువగా విరగ్గొట్టింది వాషింగ్టన్‌లో కోర్టు మాటలు షార్ట్‌హ్యాండ్‌లో రాసే జేమ్స్ క్లెఫేన్. పంపిన ప్రతి మిషన్‌నీ రోజంతా బాది, ముక్కలు చేసి, లోపాలన్నీ రాసి వెనక్కి పంపేవాడు. షోల్స్‌కి ఒళ్ళు మండేది. ఇంక చాలు అనుకునేవాడు. డెన్స్‌మోర్ మాత్రం, ఈ తిట్లే మనకి కావాలి, ఫ్యాక్టరీలోకి వెళ్ళాక తెలిసేకంటే ఇప్పుడే తెలియడం నయం అనేవాడు. మన భాషలో చెప్పాలంటే క్లెఫేన్ ప్రపంచంలోనే మొదటి తరం బీటా టెస్టర్. ప్రాజెక్ట్ రివ్యూలో గైడ్ తప్పులు చూపించినప్పుడు నా మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి షోల్స్ బాధ నాకు బాగా అర్థమైంది.

అక్షరాలు ఎందుకు కలగాపులగమయ్యాయి?

ఈ మోడల్స్ మధ్యలోనే ఆల్ఫాబెటికల్ వరుస పోయి, నాలుగు వరుసల కీబోర్డ్ వచ్చింది, అక్షరాలు కొద్దికొద్దిగా చోటు మారాయి. ఎందుకు? మనందరం విన్న కథ ఒకటుంది. టైపిస్టులు మరీ వేగంగా కొడితే మిషన్ జామ్ అవుతోందని, వాళ్ళని నెమ్మది చెయ్యడానికి అక్షరాలు కావాలనే చెదరగొట్టారని. ఫార్వర్డ్ మెసేజ్‌లలో ఇది తిరుగుతూనే ఉంటుంది.

జామ్ అవడం నిజమే. ఆ మిషన్‌లో ప్రతి అక్షరానికీ ఒక కడ్డీ ఉండేది, కడ్డీలన్నీ గుండ్రంగా వేలాడుతూ ఉండేవి. పక్కపక్క కడ్డీలు వెంటవెంటనే లేస్తే ఒకదానికొకటి తగిలి ఇరుక్కునేవి. కానీ కథ అంత తిన్నగా లేదు. ఇంగ్లీషులో ఈ, ఆర్ పక్కపక్కన ఎన్నిసార్లు వస్తాయి? లెక్కలేనన్ని. అవి కీబోర్డ్ మీద కూడా పక్కపక్కనే ఉన్నాయి. పైగా 1870ల మొదట్లో పది వేళ్ళతో చూడకుండా కొట్టేవాళ్ళే లేరు, ఇంక ఎవరిని నెమ్మది చెయ్యాలి?

జపాన్‌లో క్యోటో యూనివర్సిటీకి చెందిన యాసుఒకా దంపతులు 2011లో ఇంకో వివరణ ఇచ్చారు. తొలి మిషన్లు వాడినవాళ్ళలో టెలిగ్రాఫ్ ఆపరేటర్లు ముఖ్యులు. వాళ్ళు చెవితో మోర్స్ కోడ్ వింటూ చేత్తో అక్షరాలు కొట్టాలి. అప్పటి అమెరికన్ మోర్స్‌లో జడ్ అనే అక్షరం, ఎస్ తర్వాత ఈ వచ్చినా దాదాపు ఒకేలా వినిపిస్తాయి. తర్వాతి అక్షరం వినేదాకా ఏది కొట్టాలో తేలదు. అందుకే ఎస్ ఆ రెండింటికీ దగ్గర్లో ఉండాలి. ఇప్పుడు మీ కీబోర్డ్ చూడండి. జడ్, ఎస్, ఈ మూడూ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. ఇలా వాడేవాళ్ళ ఫిర్యాదుల వల్ల ఒక్కొక్కటిగా అక్షరాలు జరిగాయని వాళ్ళ వాదన.

ఏది ఎంతవరకు కారణమైనా నాకు నచ్చిన విషయం ఇది. క్వెర్టీ ఎవరో ఒక్కరోజు కూర్చుని గీసింది కాదు. అయిదారేళ్ళ పాటు బగ్ రిపోర్టులు వస్తుంటే సర్దుకుంటూ పోయిన డిజైన్.

తుపాకుల కంపెనీలో టైపు మిషన్

1873లో డెన్స్‌మోర్ ఆ మిషన్‌ని న్యూయార్క్ రాష్ట్రంలో ఇలియన్ ఊళ్ళో ఉన్న రెమింగ్టన్ కంపెనీకి తీసుకెళ్ళాడు. వాళ్ళు తుపాకులు చేసేవాళ్ళు. అమెరికా అంతర్యుద్ధం అయిపోయాక తుపాకులకి గిరాకీ తగ్గి, కుట్టు మిషన్లు కూడా మొదలుపెట్టారు. ఆ ఏడాది మార్చి 1న ఒప్పందం కుదిరింది. టైపు మిషన్‌ని కుట్టు మిషన్ విభాగం వాళ్ళకి అప్పగించారు. అందుకే 1874లో మార్కెట్‌లోకి వచ్చిన మొదటి షోల్స్ అండ్ గ్లిడెన్ టైప్‌రైటర్ అచ్చం కుట్టు మిషన్‌లా ఉంటుంది. మీద పువ్వుల బొమ్మలు, కింద కాలితో తొక్కే పెడల్. తొక్కితే కొత్త లైన్ వస్తుంది. మన ఎంటర్ కీ మొదట కాలి కింద ఉండేదన్నమాట!

ధర 125 డాలర్లు. అన్నీ పెద్ద అక్షరాలే, చిన్న అక్షరాలు లేవు. ఒకటి, సున్నా అంకెలు కూడా లేవు, ఐ, ఓ వాడుకోవాలి. అక్షరం కాగితం కింది వైపు పడేది, కాబట్టి కొడుతున్నది కనిపించదు. రచయిత మార్క్ ట్వేన్ 1874లోనే ఒకటి కొన్నాడు. కానీ మామూలు జనం పెద్దగా కొనలేదు.

ఇక్కడే షోల్స్ జీవితంలో బాధ కలిగించే మలుపు. డబ్బు ఇబ్బందుల్లో ఉండి తన హక్కులు అమ్మేశాడు. మొత్తం 12,000 డాలర్లు వచ్చాయని చెబుతారు. డెన్స్‌మోర్ ఒకేసారి డబ్బు తీసుకోకుండా రాయల్టీ ఉంచుకున్నాడు. ఆయనకి చివరికి పదిహేను లక్షల డాలర్ల దాకా ముట్టాయని చెబుతారు. పదిమంది పిల్లల తండ్రి, జబ్బు మనిషి, అప్పటి అవసరం అప్పటిది. బయట కూర్చుని తప్పు చేశాడని నేను అనలేను.

1878లో రెమింగ్టన్ నంబర్ 2 వచ్చింది. అందులో షిఫ్ట్ కీ ఉంది. షిఫ్ట్ అంటే నిజంగానే షిఫ్ట్. ఆ కీ నొక్కితే మిషన్‌లో కాగితం ఉన్న భాగమే కదిలి, కడ్డీ మీదున్న రెండో అక్షరం తగులుతుంది. ఈరోజు ఏదీ కదలదు, పేరు మాత్రం మిగిలింది. ఆ ఏడాదే షోల్స్‌కి వచ్చిన పేటెంట్‌లో దాదాపు మన క్వెర్టీ కనిపిస్తుంది. దాదాపు అని ఎందుకన్నానంటే, అందులో ఎం అక్షరం ఎల్ పక్కన ఉంది, ఎక్స్, సి అటుదిటు ఉన్నాయి. అంటే కింది వరుస జడ్, సి, ఎక్స్, వి. తర్వాత కొద్ది ఏళ్ళలోనే అవి ఇప్పటి చోట్లకి మారాయి.

షార్ట్‌కట్‌ల గొడవ ఎక్కడ మొదలైంది?

ఆ కింది వరుసే మన కథకి లింకు. 1983లో ఆపిల్ లీసా కంప్యూటర్ వచ్చినప్పుడు అన్‌డూ, కట్, కాపీ, పేస్ట్‌లకి జడ్, ఎక్స్, సి, వి అని పెట్టారు. అన్నీ ఎడమ చేతి కింద వరుసగా ఉన్నాయి, కుడి చేత్తో మౌస్ పట్టుకోవచ్చు. షోల్స్ సర్దిన వరుస లేకపోతే ఆ నాలుగూ పక్కపక్కన ఉండేవి కావు.

కానీ వాటితో పాటు ఏ కీ నొక్కాలి అన్నది షోల్స్ తేల్చలేదు. ఆయన కాలంలో ఆ కీలే లేవు. 1984 మ్యాకింటాష్‌కి అసలు కంట్రోల్ కీయే లేదు, కమాండ్ కీ ఉంది. ఐబీఎం 1987లో తన ప్రమాణం రాసినప్పుడు కాపీకి కంట్రోల్ ఇన్సర్ట్, పేస్ట్‌కి షిఫ్ట్ ఇన్సర్ట్ అంది. విండోస్ మొదట అదే పాటించి, తర్వాత కంట్రోల్‌తో జడ్, ఎక్స్, సి, వి కూడా తీసుకుంది. పాతవి ఇప్పటికీ పనిచేస్తాయి, కొట్టి చూడండి.

మరి టెర్మినల్‌లో కంట్రోల్ సి కొడితే ప్రోగ్రామ్ ఎందుకు ఆగుతుంది? అది వీళ్ళందరికంటే పాత సంగతి. 1960ల ఆస్కీ కోడ్‌లో సి విలువ 67. కంట్రోల్ నొక్కితే అందులోంచి 64 పోయి 3 వస్తుంది. 3 అంటే టెక్స్ట్ అయిపోయిందని చెప్పే కోడ్. టెలిప్రింటర్ల కాలం నుంచి వచ్చిన ఆ కోడే యూనిక్స్‌లో ప్రోగ్రామ్‌ని ఆపమనే సంకేతంగా స్థిరపడింది. కాబట్టి లైనక్స్ టెర్మినల్ కాపీకి దాన్ని వాడలేదు, కంట్రోల్ షిఫ్ట్ సి అని సర్దుకుంది. మ్యాక్‌లో కమాండ్ వేరు, కంట్రోల్ వేరు కాబట్టి అక్కడ ఈ గొడవ రాలేదు. నా రెండు మార్కులు తిన్నది ఎవరి నిర్లక్ష్యమో కాదు, రెండు పాత అలవాట్లు ఒకే కీ మీద కూర్చున్నాయి.

జర్మనీ కీబోర్డ్ మీద వై, జడ్ అటుదిటు ఉంటాయి. అక్కడివాళ్ళకి అన్‌డూ పై వరుసలోకి పోయింది, ఆ నాలుగు కీల వరుసే తెగిపోయింది. అక్షరం చోటు మారితే ఏమవుతుందో చెప్పడానికి అది చాలు.

అందరి చేతుల్లోకి

తిరిగి షోల్స్ దగ్గరికి. 1880లలో టైపు మిషన్ ఒక్కసారిగా పుంజుకుంది. 1881లో న్యూయార్క్‌లో వైడబ్ల్యూసీఏ ఆడవాళ్ళకి టైపింగ్ క్లాసులు మొదలుపెట్టింది. అప్పటిదాకా మగవాళ్ళే ఉన్న ఆఫీసుల్లోకి వేలమంది ఆడవాళ్ళు జీతానికి వచ్చారు. షోల్స్ కూతురు లిలియన్ 1872లో తండ్రి చేసిన మోడల్ ముందు కూర్చుని ఉన్న ఫోటో ఒకటి ఉంది. మిషన్ మీద చేతులు పెట్టి ఫోటో దిగిన మొదటి టైపిస్ట్ ఆమే అంటారు. చివరి రోజుల్లో షోల్స్‌కి సంతృప్తి ఇచ్చింది కూడా ఇదేనట. డబ్బు రాలేదు కానీ, పనికి వెళ్ళాల్సిన ఆడవాళ్ళకి బతుకు కాస్త తేలికైందని. ఆ లాయర్ గారి ఆఫీసులో అమ్మ కూర్చున్న కుర్చీ దాకా ఆ దారే వచ్చింది.

1888 జూలై 25న సిన్సినాటీలో ఒక పోటీ జరిగింది. ఒకవైపు రెమింగ్టన్ మీద ఫ్రాంక్ మెక్‌గరిన్, ఇంకోవైపు క్యాలిగ్రాఫ్ మిషన్ మీద లూయీ ట్రాబ్. క్యాలిగ్రాఫ్‌కి షిఫ్ట్ లేదు, పెద్ద అక్షరాలకి, చిన్న అక్షరాలకి వేరే వేరే కీలు. మెక్‌గరిన్ కీల చోట్లన్నీ కంఠతా పట్టి, కీబోర్డ్ వైపు చూడకుండా కొట్టాడు. తేలిగ్గా గెలిచాడు. చూడకుండా కొట్టడం అనే విద్యకి అప్పుడే పేరొచ్చింది. ఆ క్షణం నుంచి క్వెర్టీ మిషన్ లోపల కాకుండా మనుషుల వేళ్ళలో ఉండటం మొదలైంది. 1893లో రెమింగ్టన్, క్యాలిగ్రాఫ్‌తో సహా పెద్ద కంపెనీలు అయిదు కలిసి ఒక్క గొడుగు కిందకి వచ్చాయి. ఆ తర్వాత క్వెర్టీయే అందరిదీ అయింది. నేను కోరుకున్నది ఇదే కదా, అందరూ కూర్చుని ఒక మాట అనుకోవడం. అది జరిగింది, అక్షరాల వరకు.

కనిపెట్టినవాడికే అందనిది

షోల్స్ అప్పటికి లేడు. క్షయతో ఏళ్ళ తరబడి బాధపడి 1890 ఫిబ్రవరి 17న మిల్వాకీలో చనిపోయాడు. ఊళ్ళోనే ఫారెస్ట్ హోమ్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది. కానీ మంచం మీద ఉన్నా మిషన్ల మీద పని ఆపలేదు. 1889లో ఇంకో టైపు మిషన్‌కి పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. అది 1896లో, ఆయన పోయాక ఆరేళ్ళకి వచ్చింది. అందులో కీబోర్డ్ బొమ్మ చూస్తే నాకు ఒక నిమిషం అర్థం కాలేదు. అది క్వెర్టీ కాదు. అక్షరాల వరుస పూర్తిగా వేరు.

అంటే క్వెర్టీ ఇచ్చిన మనిషే క్వెర్టీ దగ్గర ఆగలేదు. ఇంకా బాగా చెయ్యొచ్చనుకున్నాడు. కానీ ఎవరూ పట్టించుకోలేదు. అప్పటికే వేలమంది వేళ్ళకి పాతది అలవాటైపోయింది. 1936లో ఆగస్ట్ డ్వొరాక్ ఇంకో లేఅవుట్ పేటెంట్ తెచ్చినా జరిగింది అదే. మీ ల్యాప్‌టాప్ సెట్టింగ్స్‌లో డ్వొరాక్ ఇప్పటికీ ఉంటుంది, వాడేవాళ్ళే చాలా తక్కువ.

నా కోపం తగ్గింది ఇక్కడే. అన్ని మెషీన్లలో ఒకే పద్ధతి కావాలని నేను ఊరికే అనేసుకున్నాను. దానికో ధర ఉంది. ఒకసారి అందరూ ఒప్పుకున్నాక, తప్పు తెలిసినా దాన్ని మార్చడం కనిపెట్టినవాడి వల్ల కూడా కాదు. ఒప్పుకోకపోతే నాలాంటివాడు ల్యాబ్‌లో మార్కులు పోగొట్టుకుంటాడు. రెండింటిలో ఏది నయం? అమ్మని చూశాక నాకైతే మొదటిదే నయమనిపిస్తోంది. పాతికేళ్ళ తర్వాత కూడా ఆమె వేళ్ళు దారి తప్పలేదంటే, మధ్యలో ఎవరూ ఆ దారి మార్చకపోవడం వల్లే.

మధ్యలో నేనూ ఒక తెలివైన పని చేశాను. నా ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేసుకుని, టెర్మినల్‌లో కంట్రోల్ సి కొడితే కాపీ అయ్యేలా సెట్టింగ్ మార్చేసుకున్నాను. రెండు వారాలు హాయిగా ఉంది. తర్వాత ల్యాబ్‌కి వెళ్ళి అక్కడి సిస్టమ్‌లో అదే కొట్టి మళ్ళీ ప్రోగ్రామ్ ఆపేశాను. ఆ రోజు సాయంత్రమే సెట్టింగ్ తీసేశాను. షోల్స్ చివరి కీబోర్డ్ ఎందుకు పేటెంట్ కాగితం దాటలేదో నాకు ఆ రోజు బాగా తెలిసొచ్చింది.

ఇప్పుడు సెలవులకి వెళ్ళినప్పుడల్లా అమ్మ దగ్గర టైపు నేర్చుకుంటున్నాను. స్క్రీన్ మీద ఒక టవల్ కప్పి, కీబోర్డ్ చూడకుండా కొట్టమంటుంది. ఎ, ఎస్, డి, ఎఫ్ దగ్గరే ఉన్నాను ఇంకా. చిటికెన వేలు మాట వినట్లేదు.